వడ్డీ కట్టడానికి వడ్డీకి తేవద్దు, చెల్లీ

పాఠకురాలి ఉత్తరం:

అక్కా, మాది ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి. మావారు సూరత్‌లో పవర్‌లూమ్ కార్ఖానాలో పని చేస్తారు. నిరుటి దాకా నెలకు 16,000 పంపేవారు. ఆర్డర్లు తగ్గాయని ఇప్పుడు వారానికి రెండు రోజులు మగ్గాలు ఆపేస్తున్నారట. 8,500 దాటడం లేదు. నేను జాకెట్లు, ఫాల్స్ కుట్టి 2,500 దాకా తెస్తాను. కుట్టించుకున్న వాళ్లు చాలామంది తర్వాత ఇస్తామంటారు, గట్టిగా అడగలేను. ఇల్లు సొంతమే. అత్తగారు, ఇంటర్ చదివే అమ్మాయి, ఎనిమిదో తరగతి అబ్బాయి నాతో ఉంటారు. అత్తగారి బీపీ, షుగరు మందులకు 900, అబ్బాయి ప్రైవేటు స్కూలుకు 1,200, అమ్మాయి కోచింగుకు 1,000 అవుతాయి. రెండు గ్రూపు లోన్లు ఉన్నాయి. ఒకదాంట్లో 22,000 మిగిలింది, కిస్తీ 2,150. రెండోదాంట్లో 31,000, కిస్తీ 2,400. రెండేళ్ల కింద నా రెండు తులాల గొలుసు కుదువ పెట్టి నూటికి మూడు రూపాయల వడ్డీకి 60,000 తెచ్చాం. మూడు నెలలుగా వడ్డీ కట్టలేదు. పక్కింటి పిన్ని దగ్గర చేబదులు 15,000, కిరాణా కొట్టులో 4,200. అన్నీ కలిపి రెండు లక్షలు దాటాయేమో, లెక్క వేయాలంటేనే భయం. రెండో గ్రూపు లోను, పిన్ని దగ్గర తెచ్చిన డబ్బు సంగతి మావారికి తెలియదు. రాత్రిళ్లు నిద్ర లేదు. సర్కారు ఆడవాళ్లకిచ్చే సుభద్ర డబ్బులు పడ్డ రోజే కిస్తీకి పోతున్నాయి. ఫోన్లో లోన్ యాప్ ఉంది, పది నిమిషాల్లో డబ్బు పడుతుందని వీధిలో ఒకమ్మాయి చెప్పింది. తీసుకోనా? అమ్మాయిని చదువు మాన్పించి బట్టల కొట్టులో పెట్టమంటున్నారు అత్తగారు. పాతపట్నంలో ఉన్న మా చెల్లికి ఆంధ్రా పథకాలు వస్తాయి. మాకూ అక్కడ కార్డు చేయిస్తానని ఒకాయన 3,000 అడుగుతున్నాడు. సంక్రాంతికి మావారిని రమ్మనాలా, వద్దా?

సమాధానం:

చెల్లీ,

మీ ఉత్తరం చదివి ముందు ఒక కాగితం తీసుకుని మీరు రాసిన అంకెలన్నీ కూడాను. 22,000, 31,000, గొలుసు మీద 60,000, దాని మూడు నెలల వడ్డీ 5,400, పిన్నిగారి 15,000, కొట్టు బాకీ 4,200. మొత్తం 1,37,600. రెండు లక్షలు కాదు. మీరు రోజూ రాత్రి మోస్తున్న బరువులో అరవై రెండు వేలు అసలు లేనే లేవు. పదకొండు వేలు వచ్చే ఇంటికి ఉన్న అప్పు కూడా ఎక్కువే, కాదనను. కానీ ఇది దారి దొరకని అప్పు కాదు. కాగితం మీద పెట్టకపోవడం వల్ల కొంత, ఇంటాయనకు చెప్పకపోవడం వల్ల కొంత పెద్దదై కూర్చుంది.

చెప్పకపోవడం గురించి నాకు తెలుసు. నేను ముప్పై ఏళ్లు బరంపురంలో ఒక బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్నదాన్ని. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా పెంకుటింటి కప్పు సగం లేచిపోయింది. బాగు చేయించడానికి చేతిలో ఉన్నది చాలక, మావారికి చెప్పకుండా బయట ఒకరి దగ్గర నలభై వేలు తెచ్చాను. నూటికి నాలుగు రూపాయలు. నెలకు 1,600 వడ్డీ. ఆ ప్రోనోటు నకలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం డబ్బా అడుగున పెట్టాను. రోజూ సోలతో బియ్యం తీసేటప్పుడు అడుగు తగలకుండా పైపైన తీసేదాన్ని, డబ్బా సగానికి వచ్చేలోపే మళ్లీ నింపేదాన్ని. పదకొండు నెలలు అలా గడిచాయి. ఒకరోజు నాకు జ్వరం వస్తే ఆయనే వంటకు దిగారు. సోల అడుక్కి తగిలింది. ఆ కాగితం పట్టుకుని మంచం దగ్గరికి వచ్చి, అరవలేదు, "ఇంకా ఎన్ని ఉన్నాయి?" అని మాత్రం అడిగారు. స్కూటరు కొనడానికని ఆయన వేసుకున్న ఆర్డీ ఒకటి ఉంది. అది రద్దు చేసి ఆ వారంలోనే అప్పు తీర్చేశారు. ఆ పదకొండు నెలల్లో నేను కట్టిన వడ్డీ 17,600. అది తుఫాను చేసిన నష్టం కాదు, నా మొహమాటం చేసిన నష్టం.

అందుకే మీ ఉత్తరంలో గొలుసు కన్నా, కిస్తీల కన్నా ముందు నాకు కనిపించింది "మావారికి తెలియదు" అన్న మాట. ఆయనకు తెలియని లెక్కతో మీరు ఏం నిర్ణయం తీసుకున్నా సగమే తీసుకున్నట్టు. మీరు ఇంట్లో ఎలాగో సర్దుకుంటున్నారనే నమ్మకంతో ఆయన అక్కడ ఉన్నారు. ఆయన అక్కడ ఒక పూట తిండి తగ్గించుకుని పంపుతున్నారేమో, అది మీకూ తెలియదు.

ఎలా చెప్పాలో కూడా రాస్తాను. షిఫ్టులో ఉన్నప్పుడు వద్దు, లూమ్‌ల రొదలో మాట వినపడదు. మెస్ గదిలో పక్కన పదిమంది ఉంటారు, అక్కడా మనసు విప్పి మాట్లాడలేరు. సెలవు రోజున, "బయటికి వచ్చి ఫోన్ చేయండి, ఒక అరగంట కావాలి" అనండి. దానికి ముందే అప్పుల కాగితాన్ని ఫొటో తీసి పంపండి. ఎవరికి, ఎంత, నెలకు ఎంత, ఎప్పటికి తీరుతుంది అని నాలుగు గళ్లు చాలు. రెండో గ్రూపు లోను ఏ నెలలో, ఎందుకు తెచ్చారో కూడా ఆ కాగితం మీదే రాయండి. కారణం రాసి ఉంటే దుబారా అన్న అనుమానానికి చోటుండదు. ఆయన ఆ రోజు కోపంగా ఫోన్ పెట్టేయవచ్చు. పెట్టేయనివ్వండి. మర్నాడు మళ్లీ చేస్తారు. మీ అమ్మాయికి కూడా ఆ కాగితం చూపించండి. ఇంటర్ చదివే పిల్లకు ఇంట్లో ఏం జరుగుతోందో ఈపాటికే తెలిసి ఉంటుంది, అంకె ఒక్కటే తెలియదు.

ఇక గొలుసు. అన్నిటికన్నా ముందు కదపాల్సింది దాన్నే.

నూటికి మూడు రూపాయలు అని మనం తేలిగ్గా అనేస్తాం. అది నెలకు. ఏడాదికి నూటికి 36 అవుతుంది. మీరు 60,000 తెచ్చి రెండేళ్లయింది, ఇరవై ఒక్క నెలలు వడ్డీ కట్టారు. అంటే 37,800 ఇచ్చారు. అసలు ఒక్క రూపాయి తగ్గలేదు. అదే గొలుసు ప్రభుత్వ రంగ బ్యాంకులో పెడితే వడ్డీ ఏడాదికి నూటికి పది, అటూ ఇటూగా ఉంటుంది. మన లెక్కలో చెప్పాలంటే నెలకు నూటికి రూపాయి కూడా కాదు. బాకీ వడ్డీతో కలిపి 66,000 తీసుకున్నారనుకోండి, నెలకు వడ్డీ సుమారు 550. ఇప్పుడు మీ మీద పడుతున్నది 1,800. ఏ పనీ చేయకుండానే నెలకు 1,250 మిగిలినట్టు.

తులం లక్ష దాటిన రోజుల్లో రెండు తులాల గొలుసు మీద 66,000 అడిగితే ఏ బ్యాంకూ కాదనదు. రెండున్నర లక్షల లోపు లోన్లకు బంగారం విలువలో 85 శాతం దాకా ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు 2025లో నిబంధన కూడా మార్చింది. కౌంటర్లో "ఇంకా ఎక్కువ వస్తుందమ్మా, తీసుకోండి" అంటారు. తీసుకోవద్దు. 66,000 దగ్గరే ఆగండి. ఎక్కువ తెచ్చి గ్రూపు లోన్లు ఒకేసారి తీర్చేద్దాం అనిపిస్తుంది. లెక్కకు అది బాగానే ఉంటుంది గానీ, మగ్గాలు ఎప్పుడు పూర్తిగా నడుస్తాయో తెలియని ఈ రోజుల్లో ఉన్న ఒక్క గొలుసు మీద బరువు పెంచడం నాకు ఇష్టం లేదు.

చిక్కల్లా ఒక్కటే. కుదువ కొట్టాయన డబ్బు చేతిలో పడితేగాని గొలుసు ఇవ్వడు, బ్యాంకు గొలుసు చేతిలో పడితేగాని డబ్బు ఇవ్వదు. దీనికి ఒక్క పూటకు 65,400 సర్దేవాళ్లు కావాలి. పాతపట్నం చెల్లెల్ని, మరిదిగారిని అడగండి. "పొద్దున ఇవ్వండి, సాయంత్రానికి ఇచ్చేస్తాను, మీరూ నాతో బ్యాంకుకు రండి" అని అడిగితే అయినవాళ్లు కాదనరు. ముందురోజే బ్యాంకుకు వెళ్లి ఆధార్, పాన్, ఫొటోలు ఏమేం కావాలో, బంగారం తూచే ఆయన ఏ వేళకు వస్తాడో కనుక్కోండి. పొద్దున కొట్టు తెరవగానే గొలుసు విడిపించి, అక్కడే తూకం వేయించి, కుదువ చీటీ మీద చెల్లు రాయించుకోండి. బ్యాంకులో మీ ఎదురుగానే తూచాలి, తూకం, నాణ్యత కాగితం మీద రాసివ్వాలి. ఇంటి అవసరాలకు ఇచ్చే ఇలాంటి లోను మామూలుగా ఏడాదిలోపు తీర్చాలి. వడ్డీ మాత్రం నెలనెలా కట్టేయండి. ఏడాది చివర మొత్తం ఒకేసారి కట్టుకోవచ్చులే అని వదిలేసిన వాళ్ల బంగారం వేలానికి వెళ్లడం నేను చాలాసార్లు చూశాను.

గ్రూపు లోన్లకు వద్దాం. మీలాంటి ఇళ్ల కోసం రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ నుంచి ఒక నిబంధన పెట్టింది. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంటికి హామీ లేకుండా ఇచ్చే లోన్లలో, ఆ ఇంటి అప్పులన్నిటి కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటేలా కొత్త లోను ఇవ్వకూడదు. మీ కిస్తీలు, గొలుసు వడ్డీ కలిపితే ఇప్పుడు 6,350. పదకొండు వేలలో సగం 5,500. అంటే మీరు గీత దాటేసి ఉన్నారు. రేపు మూడో గ్రూపులో చేరమని ఎవరైనా వస్తే, అది సాయం కాదని గుర్తుపెట్టుకోండి.

రెండు లోన్లలో 22,000ది కదపకండి. ఇంకో పది పదకొండు కిస్తీలతో అది పోతుంది, ఆ రోజు నుంచి నెలకు 2,150 మీ చేతికి వస్తుంది. 31,000 లోను దగ్గర గడువు పెంచమని అడగండి. 2,400 కిస్తీని 1,500 దగ్గరికి తెమ్మనండి. వడ్డీ మొత్తంగా కొంత పెరుగుతుంది, పరవాలేదు, ఇప్పుడు మీకు కావాల్సింది నెల గడవడం. కాగితం మీద రాసి ఇవ్వండి: మావారి పని తగ్గింది, ఇంతకుముందు ఇంత వచ్చేది, ఇప్పుడు ఇంత వస్తోంది, ఇంత కట్టగలను. ఒక నకలు మీద వాళ్లు అందుకున్నట్టు సంతకం తీసుకోండి. ఇది కిస్తీ తప్పకముందే చేయండి. కిస్తీ తప్పాక వచ్చే మనిషి మాటకూ, ముందే వచ్చి చెప్పే మనిషి మాటకూ కౌంటరు అవతల విలువ వేరు. ఆ అవతల కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను.

ఒప్పుకోకపోవచ్చు కూడా. ఫీల్డ్ ఆఫీసరుకు వసూలు టార్గెట్ ఉంటుంది, గ్రూపులో మిగతా ఆడవాళ్లు "నీ వల్ల మాకు మాట వస్తోంది" అంటారు. అదే అన్నిటికన్నా బాధ, నాకు తెలుసు. అయినా మీరు తెలుసుకోవాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. పొద్దున తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదు. తిట్టకూడదు, నలుగురిలో పరువు తీయకూడదు, చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ ఫోన్లు చేసి వేధించకూడదు. ముందుగా తీర్చేస్తే జరిమానా వేయకూడదు. ఇవి దాటితే ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ముప్పై రోజుల్లో పరిష్కారం కాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు, 14448 నంబరు ఉంది.

లోన్ యాప్ వద్దు. పది నిమిషాల్లో పడే డబ్బు ఎక్కువగా వారం, పది రోజుల్లోనే తిరిగి కట్టమంటుంది. ఐదు వేలు అని చెప్పి ఛార్జీలు కోసుకుని మూడున్నర వేలు వేసే యాప్‌లు ఉన్నాయి. ఫోన్లో ఉన్న నంబర్లు, ఫొటోలు యాప్‌లు తీసుకోకూడదని నిబంధన ఉంది. అయినా దొంగ యాప్‌లు తీసుకుంటాయి, వాటినే పట్టుకుని బెదిరిస్తాయి. మీ ఫోన్లో మీ అమ్మాయి ఫొటోలు ఉంటాయి కదా, అదొక్కటీ ఆలోచించండి. ఇప్పటికే దింపుకుని ఉంటే తీసేయండి. బెదిరింపు వస్తే ఒక్క రూపాయి కట్టకుండా 1930కి ఫోన్ చేయండి.

పిన్నిగారి 15,000కి వడ్డీ లేదని దాన్ని చివరికి నెట్టేయకండి. వెళ్లి కూర్చుని, "పిన్నీ, నెలకు ఐదు వందలు ఇస్తాను, మావారి పని కుదుటపడితే పెంచుతాను" అని చెప్పండి. కనబడితే తప్పుకుని వెళ్లడం వల్లే ఇలాంటి సంబంధాలు చెడతాయి. కిరాణా కొట్టులో కూడా అంతే. పాత ఖాతా గీత గీయించి నెలకు మూడు వందలు కట్టండి, కొత్త సరుకు నగదుకే తెచ్చుకోండి. అరువు ఖాతాలో ధర అడిగే హక్కు మనకు ఉన్నట్టు అనిపించదు, గమనించారా?

ఇంకో సంగతి మీరు మామూలుగా రాసి వదిలేశారు: కుట్టించుకున్న వాళ్లు తర్వాత ఇస్తామంటారని. ఆ బాకీలు కూడా మీ కాగితం మీదకు రావాలి. ఎవరు, ఎన్ని జాకెట్లు, ఎంత. పక్కింటివాళ్లకు మీరు వడ్డీ లేని అప్పు ఇస్తూ, నూటికి మూడు రూపాయల వడ్డీ కడుతున్నారు. రేపటి నుంచి గుడ్డ తీసుకునేటప్పుడే సగం కూలి అడగండి. "దారం, లైనింగ్ కొనాలి వదినా" అంటే ఎవరూ తప్పు పట్టరు. అడగడం కష్టమైతే అమ్మాయి చేత చీటీ రాయించి మిషన్ పక్కన గోడకు అంటించండి. కుట్టుపని పెంచడానికని కొత్త మిషన్ అప్పు చేసి మాత్రం కొనకండి.

ఖర్చుల్లో తగ్గించుకోవడం అనగానే ఆడవాళ్లు ముందు తమ తిండి తగ్గించుకుంటారు. అది వద్దు. తగ్గాల్సినవి వేరే ఉన్నాయి. అత్తగారి మందుల 900 చూడండి. మీ ఊళ్లో జిల్లా ప్రధాన ఆసుపత్రి ఉంది. ఒడిశాలో 2015 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో నిరామయ పథకం కింద మందులు ఉచితంగా ఇస్తున్నారు, బీపీ, షుగరు మాత్రలు అందులో ఉంటాయి. ఆమె పాత చీటీలు, వాడుతున్న మాత్రల అట్టలు పట్టుకుని ఒకసారి తీసుకువెళ్లండి. డాక్టరు చెప్పకుండా మాత్ర మార్చడం, మానేయడం చేయకండి. అక్కడ దొరకనిది ఉంటే జన్ ఔషధి దుకాణంలో అదే మందు తక్కువకు వస్తుంది. ఆసుపత్రి ఖర్చు వస్తుందేమో అన్న భయానికి కూడా ఒక ఆసరా ఉంది. ఒడిశా 2025 ఏప్రిల్‌లో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. అర్హత ఉన్న ఇంటికి ఏడాదికి ఐదు లక్షలు, ఆడవాళ్లకు దానిపైన మరో ఐదు లక్షల దాకా వైద్యం ఉంటుంది. పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో సూరత్‌లో కూడా చెల్లుతుంది. కార్డు చేయించుకోకపోతే ఈ నెలలోనే చేయించండి.

రేషన్‌లో తలకు ఐదు కిలోల బియ్యం ఉచితం. మీది జాతీయ ఆహార భద్రత కార్డు అయితే, మీవారి వాటా ఆయన సూరత్‌లోనే వేలిముద్ర వేసి తీసుకోవచ్చు, మిగతా నలుగురి వాటా మీరు ఇక్కడ తీసుకోవచ్చు. ఆయన మెస్‌లో తినేవారైతే దీనివల్ల లాభం లేదు, ఆ వాటా కూడా ఇక్కడే తీసుకోండి. నలుగురైదుగురు కలిసి గదిలో వండుకుంటే మాత్రం అక్కడ ఖర్చు తగ్గుతుంది. ఆ రెండింట్లో ఏదో ఆయన్ని అడిగి తెలుసుకోండి. పొద్దున పూట ఇడ్లీ, పూరీలకు బదులు చోడి (రాగి) అంబలి పెడితే నూనె, మినప్పప్పు రెండూ మిగులుతాయి. అత్తగారి షుగరుకు కూడా మేలే, పలచగా తాగేయకుండా ముద్దకో గంటికో దగ్గరగా కాస్తే.

సుభద్ర డబ్బు ఏడాదికి పదివేలు, రాఖీ పున్నమికి ఐదు, మార్చి 8కి ఐదు. కిస్తీకి దాన్ని అలవాటు చేయకండి. వేరే ఖాతాలో పెట్టి ముట్టుకోకండి. ఇంట్లో ఒకరికి జబ్బు చేసినా, మీవారు ఉన్నట్టుండి బండెక్కాల్సి వచ్చినా మళ్లీ పిన్ని గుమ్మం ఎక్కకుండా ఆపేది ఆ ఐదు వేలే.

ఆంధ్రా కార్డు మాట మర్చిపోండి. మహేంద్రతనయ ఒడ్డున ఉన్న మనకు పాతపట్నం వేరే రాష్ట్రం అనిపించదు, చెల్లెలి ఇంటికి నడిచి వెళ్లి రాగలం. కానీ కార్డులన్నీ ఆధార్‌తో ముడిపడి ఉన్నాయి. అక్కడ పేరు ఎక్కితే ఇక్కడ పోతుంది, ఇక్కడ బియ్యం, సుభద్ర రెండూ ఆగిపోవచ్చు. రెండుచోట్లా ఉన్నట్టు చూపిస్తే అది నేరం. 3,000 అడిగినాయన అప్పుడు కనబడడు. చెల్లెలికి వచ్చేది చూసి మనసు చివుక్కుమనడం సహజం. ఆమె కూడా మీ సుభద్ర చూసి అలాగే అనుకుంటూ ఉండవచ్చు.

అమ్మాయి చదువు మాన్పించవద్దు. ఈ ఒక్క విషయంలో అత్తగారి మాట వినకండి. గట్టిగా కాదనలేకపోతే నా పేరు చెప్పండి. ఇంటర్ సగంలో ఆపేసిన పిల్ల బట్టల కొట్టు నుంచి తిరిగి కాలేజీకి వెళ్లడం చాలా అరుదు. ఆపాల్సింది కోచింగు. నెలకు వెయ్యి మిగులుతుంది. పాఠాలు కాలేజీలో ఉన్నాయి, అర్థం కానివి ఆ లెక్చరర్లనే అడగమనండి. ఇంటర్ తర్వాత కూడా దూరం పంపనక్కర్లేదు. 1896 నుంచి ఉన్న ఎస్‌కేసీజీ కాలేజీ మీ ఊళ్లోనే ఉంది. సెలవుల్లో, సాయంత్రాల్లో మీతో కూర్చుని హుక్కులు, కాజాలు కుట్టి, లెక్క రాసిపెడితే అదే ఆమె ఇంటికి చేసే సాయం. అబ్బాయిని ఏడాది మధ్యలో స్కూలు మార్చకండి. హెడ్‌మాస్టరును కలిసి ఫీజు విడతలుగా కడతామని అడగండి. వచ్చే ఏడు తొమ్మిదిలోకి వెళ్లేటప్పుడు ప్రభుత్వ హైస్కూలు ఆలోచించవచ్చు, దానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇప్పుడు లెక్క మళ్లీ చూద్దాం. గొలుసుకు 550, మొదటి లోను 2,150, గడువు పెంచిన రెండోది 1,500, పిన్నిగారికి 500, కొట్టుకు 300. మొత్తం 5,000. మందుల ఖర్చు, కోచింగు ఆగాయి. ఇంటికి 6,000 మిగులుతుంది. అందులో స్కూలు ఫీజు 1,200 పోతే గ్యాసు, కరెంటు, నూనె, పప్పు, కూరగాయలు, ఫోనుకు 4,800. ఇరుకే. కానీ కొత్త అప్పు లేకుండా నెల దాటుతుంది. రెండో లోను వాళ్లు ఒప్పుకోకపోతే 900 తక్కువ పడుతుంది. అప్పుడు పిన్నిగారికిచ్చే 500 రెండు నెలలు ఆపమని ఆమెనే అడగండి, మిగతాది కుట్టు బాకీల్లో రావాలి.

మీవారి పని గురించి. పవర్‌లూమ్‌లో కూలి మీటరు లెక్క. మగ్గం ఆగితే మీటరు లేదు, మీటరు లేకపోతే కూలి లేదు. బజారులో చీరలు, డ్రెస్ మెటీరియల్ అమ్మకం పడిపోయినప్పుడు యజమాని ముందు ఆపేది మగ్గమే. ఇందులో మీవారి చేతకానితనం ఏమీ లేదు, ఆ మాట ఆయనకు మీ నోటితో చెప్పండి. 2016లో నోట్ల రద్దప్పుడు ఇలాగే మగ్గాలు ఆగాయి. 2020లో లాక్‌డౌన్ వచ్చి, గంజాం వాళ్లు, మన వాళ్లు శ్రామిక్ రైళ్లలో తిరిగొచ్చారు. మళ్లీ పని పుట్టింది, వెళ్లారు. ఈసారి ఎన్నాళ్లకు పుడుతుందో మనం చెప్పలేం కాబట్టి ఒక గీత పెట్టుకోండి. ఆయన తిండి, గది పోను ఐదు వేలు కూడా పంపలేని పరిస్థితి వరుసగా రెండు నెలలు ఉంటే, ఇంటికి వచ్చి ఇక్కడ దొరికిన కూలి చేసుకోవడమే లాభం. అంతదాకా అక్కడే ఉండనివ్వండి. వట్టి చేతులతో ఎలా రావాలి అన్న సిగ్గుతో మాత్రం ఆయన్ని అక్కడ ఉండనివ్వకండి.

నిద్ర పట్టడం లేదన్నారు. అప్పుల కాగితం రాసిన రాత్రి కొంచెం పడుతుంది, నాకు పట్టింది. రెండు వారాలైనా అలాగే ఉంటే, లేదా బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వానిది, డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆసుపత్రికి అత్తగారిని తీసుకువెళ్లిన రోజు మీ సంగతి కూడా డాక్టరుకు చెప్పండి.

సంక్రాంతికి ఆయన్ని రమ్మనండి. పండక్కి బజారు పని ఎలాగూ తగ్గుతుంది, మగ్గం ఆగిన రోజుల్లో అక్కడ గదిలో కూర్చుని మెస్ ఖర్చు పెట్టడం కన్నా మేలు. టికెట్టు ఇప్పుడే తీయించండి, పూరీ-అహమ్మదాబాద్ బండికి పండగ ముందు స్లీపరు దొరకదు. కొత్త బట్టలు ఈసారి పిల్లలిద్దరికే, అవీ మీరు కుట్టినవే. ఆయన ఊళ్లో ఉన్న రోజుల్లో ఒక పని దినం చూసుకుని ఇద్దరూ కలిసి రెండో లోను ఆఫీసుకు వెళ్లండి. గడువు పెంచమన్న కాగితం మీద ఆయన సంతకం కూడా ఉండాలి.